ఇంటిగ్రేటెడ్ డిగ్రీ–పి.జి. కోర్సులు: సూరత్ విద్యార్థులకు ఆర్థిక సహాయం

ఇంటర్ అయ్యాక ఒక్కసారి చేరి, డిగ్రీనీ పి.జి.నీ కలిపి ఐదేళ్లలో ముగించే చదువును ఇంటిగ్రేటెడ్ కోర్సు అంటారు. గుజరాత్‌లోని సూరత్‌లో రెండు పెద్ద ప్రభుత్వ విద్యాసంస్థలు ఇలాంటి కోర్సులు నడుపుతున్నాయి. 1961లో ఇంజనీరింగ్ కళాశాలగా మొదలై తర్వాత ఎన్‌ఐటీ హోదా పొందిన సర్దార్ వల్లభభాయ్ జాతీయ సాంకేతిక సంస్థలో (ఎస్‌వీఎన్‌ఐటీ) భౌతిక, రసాయన, గణిత శాస్త్రాల్లో ఐదేళ్ల ఎం.ఎస్‌సి. ఉంది. జేఈఈ మెయిన్ ర్యాంకుతో, ఉమ్మడి సీట్ల కేటాయింపు (జోసా) కౌన్సెలింగ్ ద్వారా సీట్లు ఇస్తారు. వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల ఎం.ఎస్‌సి. ఐ.టి. ఉంది.

సూరత్‌లో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. పవర్‌లూమ్‌లలో పని కోసం తెలంగాణ నుంచి తరాలుగా తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. మగ్గం కూలితో బతికే ఇంట్లో ఐదేళ్ల చదువు మొదలుపెట్టాలంటే, మొదటి ఏడాది వచ్చే స్కాలర్‌షిప్ డబ్బు చివరి ఏడాది దాకా వస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

నాలుగో ఏట విద్యార్థిని డిగ్రీ స్థాయిలో లెక్కిస్తారా, పి.జి. స్థాయిలోనా అన్న దాన్ని బట్టి ఈ ప్రశ్నకు జవాబు మారుతుంది. విడిగా బి.ఎస్‌సి. చదివినవారి చేతిలో మూడేళ్లకే ఒక పట్టా ఉంటుంది. ఇంటిగ్రేటెడ్ విద్యార్థి మాత్రం అదే కోర్సులో కొనసాగుతూ ఉంటాడు. ఒక్కో పథకం ఈ తేడాను ఒక్కో రకంగా చూస్తుంది.

కేంద్ర విద్యాశాఖ ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ నియమాల్లో దీనికి సూటిగా సమాధానం ఉంది. పన్నెండో తరగతిలో తమ బోర్డులో 80వ పర్సెంటైల్ దాటినవారు, కుటుంబ వార్షికాదాయం రూ.4.5 లక్షలు మించనివారు దీనికి అర్హులు. డిగ్రీ మొదటి మూడేళ్లు ఏటా రూ.12,000, పి.జి.లో ఏటా రూ.20,000 ఇస్తారు. ఐదేళ్ల వృత్తివిద్యా, ఇంటిగ్రేటెడ్ కోర్సులవారికి నాలుగు, అయిదు సంవత్సరాల్లో రూ.20,000 చొప్పున వస్తుంది. అంటే మొత్తం రూ.76,000. విడివిడిగా బి.ఎస్‌సి., ఎం.ఎస్‌సి. చేసినవారికీ అంతే దక్కుతుంది. బి.టెక్. విద్యార్థికి మాత్రం నాలుగేళ్లకు రూ.56,000తో ఆగిపోతుంది. స్కాలర్‌షిప్‌లను బోర్డులవారీగా పంచుతారు. కాబట్టి సూరత్‌లోనే గుజరాత్ బోర్డులో చదివిన తెలుగు పిల్లవాడు గుజరాత్ కోటాలో పోటీపడతాడు. విజయవాడలో ఇంటర్ చదివి ఎస్‌వీఎన్‌ఐటీకి వచ్చిన విద్యార్థి ఆంధ్రప్రదేశ్ కోటాలోకి వస్తాడు.

చిక్కంతా రెన్యువల్ దగ్గరే. ఏటా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు మళ్లీ నింపాలి. 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు తప్పనిసరి. నాలుగో ఏడు మొదలవగానే, ‘ఇక పి.జి. కదా’ అనుకుని ‘ఫ్రెష్’ దరఖాస్తు పెడితే అది తిరిగొస్తుంది. ఫ్రెష్ అన్నది అప్పుడే పన్నెండో తరగతి పాసైనవారికి. నాలుగో ఏడాదివారు ఎంచుకోవాల్సింది ‘రెన్యువల్’. బ్యాంకు ఖాతా ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి. గుజరాత్‌లో ఆదాయ ధ్రువపత్రం మామ్లతదార్ కార్యాలయం ఇస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో తహసీల్దార్ చేసే పనే ఇది.

సైన్స్ విద్యార్థులకు అన్నిటికంటే పెద్ద సాయం ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్. శాస్త్ర సాంకేతిక శాఖ 2008లో ప్రారంభించిన కార్యక్రమంలో ఇదొక భాగం. బోర్డు పరీక్షలో మొదటి ఒక శాతంలో నిలిచి, మౌలిక శాస్త్రాల్లో బి.ఎస్‌సి. గానీ ఇంటిగ్రేటెడ్ ఎం.ఎస్‌సి. గానీ చదివేవారికి ఏటా రూ.80,000 విలువైన సాయం గరిష్ఠంగా ఐదేళ్లు అందుతుంది. ఇందులో రూ.60,000 నేరుగా విద్యార్థికి వస్తుంది, మిగతా రూ.20,000 వేసవి పరిశోధన ప్రాజెక్టుకు. గడువు ఐదేళ్లు కావడంతో ఇంటిగ్రేటెడ్ కోర్సుకు ఇది అచ్చంగా సరిపోతుంది. ఎస్‌వీఎన్‌ఐటీలోని మూడు ఎం.ఎస్‌సి.లూ దీని పరిధిలోకి వచ్చే శాస్త్రాలే. ఇంజనీరింగ్‌కు ఇది వర్తించదు. ఐ.టి. కూడా జాబితాలో లేదు. కాబట్టి ఒకే ఊళ్లో, ఒకే పొడవున్న రెండు ఎం.ఎస్‌సి.ల మధ్య నాలుగు లక్షల రూపాయల తేడా రావచ్చు. సీటు ఎంచుకునే రోజునే తెలిసి ఉండాల్సిన విషయమిది.

షెడ్యూల్డు కులాల విద్యార్థులకు ఇచ్చే పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో ఆదాయ పరిమితి రూ.2.5 లక్షలు. 2021లో సవరించిన నియమాల ప్రకారం వృత్తివిద్య కాని డిగ్రీ, పి.జి. కోర్సులు రెండూ భత్యాల వర్గీకరణలో మూడో గ్రూపులోనే ఉన్నాయి. హాస్టల్లో ఉంటే ఏటా రూ.6,000, ఇంటి నుంచి వస్తే రూ.3,000 భత్యం. స్థాయి మారినా మొత్తం పెరగదు. ఈ స్కాలర్‌షిప్‌ను చదివే రాష్ట్రం కాక స్వరాష్ట్రం మంజూరు చేస్తుంది. వరంగల్ నుంచి సూరత్ వచ్చిన విద్యార్థి తెలంగాణకే దరఖాస్తు చేసుకోవాలి.

విద్యారుణాల విషయంలో ఇంటిగ్రేటెడ్ కోర్సుకు స్పష్టమైన మేలుంది. 2009–10లో మొదలైన కేంద్ర వడ్డీ రాయితీ పథకం కింద, రూ.4.5 లక్షల లోపు ఆదాయం గల కుటుంబాల పిల్లలు వృత్తి, సాంకేతిక విద్య కోసం తీసుకున్న రుణంపై, చదువు కాలానికీ ఆపైన మరో ఏడాదికీ వడ్డీని ప్రభుత్వమే భరిస్తుంది. ఈ రాయితీ జీవితంలో ఒక్కసారే దొరుకుతుంది. డిగ్రీకి వాడుకుంటే పి.జి.కి రాదు. అయితే డిగ్రీ, పి.జి. కలిసిన ఇంటిగ్రేటెడ్ కోర్సుకు వర్తిస్తుందని నియమాలే చెబుతున్నాయి. 2024 నవంబరులో ఆమోదం పొందిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం హామీదారు, తనఖా లేకుండా రుణం ఇప్పిస్తుంది. ఆదాయం రూ.8 లక్షల లోపుంటే, మరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ గానీ వడ్డీ రాయితీ గానీ అందుకోనివారికి రూ.10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ దక్కుతుంది. కేంద్ర విద్యాసంస్థలన్నీ దీని పరిధిలో ఉన్నందున ఎస్‌వీఎన్‌ఐటీ విద్యార్థులూ దరఖాస్తు చేసుకోవచ్చు.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు చేరే ‘నాలుగు ప్లస్ ఒకటి’ కోర్సుల్లోనూ డిగ్రీ, పి.జి. స్థాయిల మధ్య గీత ఎక్కడన్నదే కీలకం. అక్కడి ఫెడరల్ పెల్ గ్రాంటు మొదటి బ్యాచిలర్స్ డిగ్రీ పూర్తయ్యేదాకానే వస్తుంది. రెండు పట్టాలూ కలిసిన కోర్సులో కనీసం మొదటి మూడేళ్లు విద్యార్థిని డిగ్రీ స్థాయిలోనే లెక్కించాలి. ఆ తర్వాత ఎప్పటి నుంచి పి.జి.గా పరిగణించాలో విశ్వవిద్యాలయం నిర్ణయిస్తుంది. ఎఫ్–1 వీసాపై వెళ్లినవారికి ఈ ఫెడరల్ సహాయం వర్తించదు.

భారత్‌లో ఇంటిగ్రేటెడ్ కోర్సును మధ్యలో వదిలేస్తే పై లెక్కలన్నీ తలకిందులవుతాయి. అనారోగ్యం వంటి కారణం లేకుండా చదువు మానేసినవారికి కేంద్ర వడ్డీ రాయితీ రద్దవుతుంది. దాంతో వడ్డీ భారం కుటుంబం మీద పడుతుంది.