పోడుచేను – అడవిజీవుల మేత

గాజువాకకు వాయవ్యమున నున్న విశాఖ మన్యములో, నాగలి యెక్కని కొండవాలులపై గిరిజనులు తరతరములుగా పోడు చేయుచు వచ్చిరి. వేసవిలో పొదలు నరికి, ఎండిన పిదప కాల్చి, తొలకరికి ఆ బూడిదలో గుద్దలితో త్రవ్వి చోళ్లు, సామలు, కందులు విత్తెడివారు. రెండు మూడేండ్లకు ఆ చేను బీడు విడిచెడివారు. అందు లేచు లేతచిగుళ్లు దుప్పులకును, రాలిన గింజలు అడవికోళ్లకును మేత యయ్యెడివి.

1882 నాటి మద్రాసు అటవీచట్టము పోడును కట్టడి చేసెను. 1922లో అల్లూరి సీతారామరాజు నడపిన మన్యపు తిరుగుబాటునకు అదియు నొక కారణము. 2006 నాటి అటవీహక్కుల చట్టము సాగుభూమిపై గిరిజనుల హక్కును గుర్తించినది. అయినను బీడుకాలము తరిగినచో అడవి తిరిగి లేవదు. మన్ను వానకు కొట్టుకొనిపోవును.

నేలను కొన్నాళ్లు తనపాటికి విడుచుటయే ఆ సేద్యపు మర్మము. మన పొలములు కర్మాగారములకు తావిచ్చిన ఈ కాలమున, పెరటిమడి యందొక మూల పిచ్చుకలకై సామలు చల్లి విడిచినను ఆ మర్మము మనకు దక్కును.