పద్నాలుగు రోజుల లెక్క: 2020 నాటి ద్రవ్య వినిమయ బిల్లుపై ఒక పరిశీలన

అలంపూర్ చౌరస్తా నుంచి పుల్లూరు మీదుగా తుంగభద్ర వంతెన దాటితే కర్నూలు. ఒకప్పుడు రాయచూరు జిల్లాలో ఉన్న అలంపూర్ తాలూకా 1956లో మహబూబ్‌నగర్‌లో కలిసింది. 2014 జూన్ 2 నుంచి ఇక్కడ నదే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలకు హద్దు. కర్నూలులో కాపురం ఉంటూ ఇవతలి బడుల్లో పాఠాలు చెప్పి వెళ్లేవారు ఉన్నారు. అంటే, ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లకు రెండు వేరు ఖజానాల నుంచి జీతాలు వస్తాయి. 2020 జూలై 1న ఆంధ్రప్రదేశ్ ఖజానా నుంచి జీతాలు పడలేదు.

అమెరికాలో మాదిరిగా ప్రభుత్వం మూతపడటం మన దేశంలో జరగదని తరచూ వింటాం. ఆ మాటలో నిజం లేకపోలేదు. అక్కడ 2018 డిసెంబరు 22 నుంచి 35 రోజులు పలు శాఖల పని ఆగింది. ఇక్కడ శాసనసభలో మెజారిటీ ఉన్నవారే ప్రభుత్వం నడుపుతారు కనుక ద్రవ్య బిల్లు ఓడిపోవడం అరుదు. అయితే, చట్టం ఆమోదం లేనిదే సంచిత నిధి నుంచి రూపాయి కూడా తీయరాదని మన రాజ్యాంగం 266(3) అధికరణం కూడా చెబుతోంది. కాబట్టి ఆ ప్రమాదం మనకు బొత్తిగా లేదని అనలేం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నాటి తేదీలను వరుసగా పెట్టి చూస్తే ఈ సంగతి స్పష్టపడుతుంది.

1. కరోనా కారణంగా ఆ మార్చిలో బడ్జెట్ సమావేశాలు జరగలేదు. గవర్నర్ ఆర్డినెన్స్ ద్వారా మూడు నెలల ఓటాన్ అకౌంట్ (తాత్కాలిక ఖర్చులకు అనుమతి) ఇచ్చారు. దాని గడువు జూన్ 30.

2. జూన్ 16న బడ్జెట్ సభ ముందుకు వచ్చింది. 17న శాసనసభ, సంచిత నిధి నుంచి ఖర్చుకు అనుమతినిచ్చే ద్రవ్య వినిమయ బిల్లును ఆమోదించింది. ఆ రాత్రే శాసనమండలి, బిల్లు సంగతి తేల్చకుండా, నిరవధికంగా వాయిదా పడింది.

3. 198వ అధికరణం ప్రకారం, ద్రవ్య బిల్లు మండలికి అందిన 14 రోజుల్లోగా తిరిగి రాకపోతే ఉభయ సభలూ ఆమోదించినట్టే లెక్క. 17న అందిందనుకుంటే ఆ గడువు జూలై 1తో గాని తీరదు. గవర్నర్ సంతకం ఆ తర్వాతి మాట.

తప్పెవరిదన్న దగ్గర కథనాలు వేరుపడతాయి. మండలిలో మెజారిటీ ఉన్న తెలుగుదేశమే బిల్లును అడ్డుకుందని అధికారపక్షం అంది. ముందుగా ద్రవ్య వినిమయ బిల్లునే చేపట్టమన్నామనీ, రాజధానికి సంబంధించిన బిల్లుల కోసం ప్రభుత్వమే పట్టుబట్టిందనీ తెలుగుదేశం అంది. ఈ రెంటిలో ఏది ఎంత నిజమైనా, ఒక విషయం మాత్రం మారదు: మండలి మౌనంగా ఉంటే చాలు, గడువు దాటిపోయే స్థితి అప్పటికే ఏర్పడి ఉంది. నా దృష్టిలో అసలు లోపం ఇదే. ఒకటో తారీఖున అద్దె కట్టాల్సిన ఉద్యోగికి, ఫోన్‌లో జీతం జమ అయినట్టు సందేశం రాకపోవడానికి ఏ పక్షం వివరణా సమాధానం కాదు.

తెలంగాణలో చిక్కు వేరే చోట వచ్చింది. గ్రాంట్ల డిమాండ్లకు గవర్నర్ సిఫారసు తప్పనిసరి. 2023లో బడ్జెట్‌కు అది అందలేదంటూ రాష్ట్ర ప్రభుత్వం హైకోర్టుకు వెళ్లింది. జనవరి 30న ఇరుపక్షాలూ రాజీకి వచ్చాయి, ఫిబ్రవరి 6న బడ్జెట్ పెట్టారు. ఏప్రిల్ 1 ఇంకా దూరంగా ఉండటం వల్ల జీతాల దాకా రాలేదనుకోవచ్చు.

కొత్త బడ్జెట్ ఆలస్యమైతే పాత కేటాయింపులే వాటంతట అవే కొనసాగాలన్న ప్రతిపాదన అమెరికాలో ఉంది. అది ఇక్కడికి తగినదని తేల్చి చెప్పడం కష్టం. ఖర్చుపై సభకున్న పట్టు సడలే అవకాశం ఉంది. అంతకంటే చిన్న మార్గం 209వ అధికరణంలో కనిపిస్తుంది. ఆర్థిక వ్యవహారాలు సకాలంలో ముగియడానికి సభా విధానాన్ని చట్టంతో క్రమబద్ధం చేసుకునే అధికారం అది రాష్ట్ర చట్టసభలకు ఇస్తోంది. ఓటాన్ అకౌంట్ ముగిసే తేదీకి కనీసం 15 రోజుల ముందే బిల్లు మండలికి చేరాలని అలాంటి చట్టంలో రాసుకోవచ్చు. ఆ నియమమే ఉండి ఉంటే, 2020లో బిల్లు జూన్ 15 నాటికి మండలిలో ఉండాలి. బడ్జెట్ సభలోకి వచ్చిందే 16న.