కాశీ సందులు – ఏనుగుల వీరాస్వామయ్యగారి యాత్ర

కాశికి పోయి వచ్చినవారిని మన దుత్తలూరు వైపు పెద్దలు మొదట విశ్వనాథుని దర్శనమైనదా యని యడుగుదురు. పిమ్మట, అచ్చట తిండి కుదిరినదా యని యడుగుదురు. ఈ రెండవ ప్రశ్నను గ్రంథమున కెక్కించిన మహనీయుడు ఏనుగుల వీరాస్వామయ్యగారు.

చెన్నపట్టణమున సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఈయన 1830 మే 18వ తేదీన సపరివారముగా బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి చేరిరి. మన దేశమున తొలి ప్రయాణీకుల రైలు నడచినది 1853లో గదా! పోవునపుడు కడప, హైదరాబాదు, నాగపురముల మీదుగాను, వచ్చునపుడు కలకత్తా, జగన్నాథము, నెల్లూరుల మీదుగాను ప్రయాణము సాగినది. మన ఉదయగిరి సీమ ఈ రెండు బాటల నడుమ మిగిలిపోయినది. ఆయన చూచి వ్రాసియుండిన ఎంత బాగుండెడిది!

ప్రతి మజిలీయందును నీరెట్టిది, బస యెట్టిది, బాటసారులకు కావలసిన వస్తువులు దొరకునా లేదా యని వ్రాసి, మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల గారికి దెలిపిరి. వీరాస్వామయ్యగారు 1836లో గతించిరి. పిళ్లగారు 1838లో దానిని 'కాశీయాత్ర చరిత్ర' యని అచ్చు వేయించిరి. ఈ వివరములు విసుగు పుట్టించునని కొందఱందురు. నాకట్లు తోపదు. బోయీలను, వంటవారిని వెంటబెట్టుకొని పోవువానికి గుడికంటె ముందు అంగడి కనబడవలెను. ఆయన తిరిగివచ్చిన మఱుసటి యేడే నందన సంవత్సరపు కఱవు (1832–33) గుంటూరు సీమను నాశనము చేసెను. ఆకలిగొన్న జనులు ఆ తీరపు బాట పట్టియే చెన్నపట్టణమువైపు నడచిరి. ఏ యూర అన్నము దొరకునో యను మాట వారికి ప్రాణముతో సమానము.

ఇక కాశీ సందులు. ఇద్దరు మనుష్యు లెదురైన నొకడు గోడ కానుకొనవలెను. ఎద్దు ఎదురైన నిద్దరును ఆనుకొనవలెను. ఇరువైపుల మేడలు లేచియుండుటచే ఎండ నడిమధ్యాహ్నమున గాని క్రిందికి దిగదు. కచోడీగల్లీ యని తినుబండము పేరనే ఒక సందున్నది. గోధుమపిండిలో మినపపప్పు ముద్ద నుంచి కాల్చిన కచోడీలను బంగాళాదుంపల కూరతో దొన్నెలలో బెట్టుదురు, వెంట జిలేబి. (పోర్చుగీసువారు రాకపూర్వము ఈ దేశమున ఆ దుంప లేదు.) చలికాలమున మలైయో అను నొక వింత వస్తువు వచ్చును. కాచిన పాలను రాత్రి మంచులో నుంచి, వేకువనే చిలికి, ఆ నురుగుకు కుంకుమపువ్వు చేర్చి మట్టిపిడతలలో అమ్ముదురు. ప్రొద్దెక్కిన నురుగు నిలువదు. మన చారన్నము కావలసినవారు మానససరోవర ఘట్టమువద్ద ఆంధ్రాశ్రమమునకు పోవుదురు. ఆ చుట్టుపట్ల తెలుగు మాట వినబడును.

విశ్వనాథాలయము చుట్టు నుండిన పాతసందులలో పెక్కులిప్పుడు లేవు. గంగవఱకు విశాలమగు బాట వేయుటకై వందలకొలది గృహములను కొని తొలగించిరి. 2021 డిసెంబరు 13న ఆ బాట తెఱవబడెను. నడువలేని వృద్ధులకు సుఖము కలిగినమాట నిజము. ఆ యిండ్ల గోడల నడుమ మఱుగుపడియున్న చిన్న గుడులును బయటపడినవి. కాని ఆ సందులలో ఏ అంగడి యెచ్చట నుండెనో, ఎవరు వండిరో, యాత్రికు లేమి యిచ్చి తినిరో ఏ రాతియందును చెక్కబడలేదు. మీ తాతలు కాశికి పోయినప్పటి పద్దుపుస్తకము లింట నున్నయెడల చెదలు పట్టకముందే పెట్టె తెఱచి చూడుడు. సత్రము పేరు, బియ్యము ధర, దొన్నె ఫలహారమున కిచ్చిన కాసులు అందులో నుండవచ్చును.