అమెరికా ఊళ్ల బడి ఆటస్థలములు



ఒక యూరి చరిత్రను తెలిసికొనగోరువాడు మొదట ఏమి చూడవలెను? కొందఱు దేవాలయమందురు; కొందఱు చెఱువుగట్టున నిలిచిన శాసనమందురు. ముప్పదియేండ్లు బడిపిల్లలకు చరిత్ర చెప్పినవాడను గనుక నాకును ఆ యభిప్రాయమే యుండెడిది. కాని నా కుమారుని యింట నాలుగు మాసములుండుటకై అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునకు పోయినప్పుడు, ఆ దేశపు ఊళ్ల చరిత్రను చదువుటకు మఱియొక చోటు గలదని తెలిసికొంటిని. అది ఉన్నత పాఠశాల వారి ఫుట్‌బాల్ ఆటస్థలము. అట్టివానిలో నాకు మిక్కిలి నచ్చిన నాలుగింటిని గుఱించి నేడు మనవిచేసెదను. అందు ఒకదానిని కన్నులార చూచితిని. తక్కిన మూటిని గ్రంథముల మూలమున ఎఱిగితిని.

ముందుగా ఆ యాట సంగతి. మనము ఫుట్‌బాల్ అనునది కాలితో తన్ను గుండ్రని బంతియాట. అమెరికావారి ఫుట్‌బాల్ వేఱు. బంతి రెండు కొనలయందును మొనదేలి యుండును. దానిని చేతబట్టి పఱుగెత్తుటయు, విసరుటయే గాని కాలితో తన్నుట అరుదు. పక్షమునకు పదునొకండుగురు. ఆడు నేల నూఱు గజముల పొడవు. నాలుగు ప్రయత్నములలో పది గజములైనను ముందునకు సాగవలెను. సాగనిచో బంతి ఎదిరిపక్షమునకు పోవును. చెడుగుడు ఆడినవారికి ఇందలి కిటుకు తెలియుటకు ఎక్కువసేపు పట్టదు. నేల గెలుచుట, పట్టుబడకుండుట - ఇంతియే.

ఆ దేశమున బడిపిల్లలకు శుక్రవారము రాత్రియు, కళాశాలల వారికి శనివారమును, వృత్తిగా ఆడువారికి ఆదివారమును ఆటదినములుగా వాడుక యేర్పడినది. 1961వ సంవత్సరమున అచ్చటి కేంద్రప్రభుత్వము ఒక శాసనము చేసి, వృత్తిజట్లు తమ ఆటల టెలివిజను హక్కులను కలిసి అమ్ముకొనుటకు మినహాయింపు నిచ్చినది. కాని సెప్టెంబరు రెండవ శుక్రవారము మొదలు డిసెంబరు రెండవ శనివారము వఱకు, శుక్రవారపు రాత్రులందు, బడిపిల్లల ఆట జరుగు చోటికి 75 మైళ్లలోపల తమ ఆటను చూపినచో ఆ మినహాయింపు చెల్లదని పిమ్మట సవరణచే అందు చేర్చినది. కోట్ల డాలర్ల వ్యాపారము పల్లెబడి ఆటకు ప్రక్కకు తొలగి దారి యిచ్చుట చూడగా, ఆ యాటస్థలమునకు గల గౌరవ మెట్టిదో తెలియగలదు.

ఇక మొదటిది వాషింగ్టను రాష్ట్రమున టకోమా నగరములో నున్నది. 1891లో ఒక రైల్వే కంపెనీవారు సముద్రపు పాయ కెదురుగా కొండమీద ఫ్రెంచి కోటను బోలిన గొప్ప హోటలును కట్ట నారంభించిరి. 1893లో దేశమంతట ధనసంక్షోభము పుట్టి పని నిలిచిపోయినది. 1898లో నిప్పంటుకొని ఆ కట్టడము మొండిగోడలుగా మిగిలినది. కంపెనీవారు ఇటుకలు ఊడదీయుచుండగా ఊరివారు మేల్కొనిరి. కాలిన హోటలును కొని బడిగా మార్చిరి. 1906లో అందు పాఠములు మొదలయ్యెను.

ఆ బడి ప్రక్కనే లోతైన లోయ యుండెను. దానికి 'ముసలమ్మ లోయ' యని పేరు. సముద్రముమీద బ్రతికినవారి వితంతువులు అందు గుడిసెలు వేసికొని కాలము గడపిరని ఆ పేరునకు కారణము చెప్పుదురు. ఆ లోయ వాలునే 1910లో కాంక్రీటు మెట్లుగా మలచి, అడుగున నేల చదునుచేసి, ముప్పదివేలమంది కూర్చుండదగిన ఆటస్థలము నేర్పఱచిరి. 1911లో మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టును, 1919లో అధ్యక్షుడు వుడ్రో విల్సనును అచ్చట ఉపన్యసించిరి. అచ్చట ఆట చూచువాడు తల యెత్తినచో ఓడలు కనబడును. కాని లోయ తన గుణమును మఱవలేదు. 1981లో పెద్దవానకు నేలక్రింది మురుగునీటి గొట్టము పగిలి ఆటస్థలము ఒక కొన కొట్టుకొనిపోయినది. 1985 వఱకు అందు ఆట లేదు. నీరు పోవు దారిలో కట్టినవారు నీటితో నిత్యము వ్యవహరింపక తప్పదు. ఈ సంగతి చెఱువుల క్రింద బ్రతుకు మనకు ఒకరు చెప్పనక్కఱలేదు.

రెండవది ఒహాయో రాష్ట్రమున మాసిలన్ అను ఉక్కు కార్మికుల ఊరు. పొరుగుననున్న కాంటన్ నగరపు బడితో ఈ యూరి బడికి 1894 నుండి పోటీ. మన గ్రామములలో రెండూళ్ల యెడ్లపందెపు పట్టుదల యెట్టిదో ఇదియు నట్టిదే. ఊరిలో మగబిడ్డ పుట్టినచో ఆసుపత్రిలోనే ఊయెలలో చిన్న ఫుట్‌బాల్ నుంచు ఆచారము అచ్చట ఉండెడిది.

1929 తరువాత దేశమును క్రుంగదీసిన కఱవుకాలమున మిల్లులు మూతపడి, పనివారు వీధిపాలైరి. అప్పుడు కేంద్రప్రభుత్వము నిరుద్యోగులకు కూలి యిచ్చి రోడ్లు, వంతెనలు, బడులు కట్టించు పథకమును నడపెను. ఆ పథకము క్రిందనే మాసిలన్ ఆటస్థలము 1939లో సిద్ధమయ్యెను. మనదేశమున కఱవుపనులలో త్రవ్విన చెఱువులవంటిదే యిది. ఆకలిగొన్నవారు కూలికై కట్టినది, వారి బిడ్డలకు అక్కఱకు వచ్చినది.

ఆ జట్టును 1932 మొదలు 1940 వఱకు తీర్చినవాడు పాల్ బ్రౌన్ అను ఉపాధ్యాయుడు. అతడును ఆ బడిలో చదివినవాడే. ఆ తొమ్మిదేండ్లలో 80 ఆటలు గెలిచి, 8 ఓడి, 2 సమముగా ముగించెను. ఆ కాలమున కాంటన్ పక్షమున ఆడిన ఒక నల్లజాతి యువకుడు మేరియన్ మాట్లీ. అప్పటికి వృత్తిజట్లలో నల్లవారిని చేర్చుకొనుట మానివేసి కొన్నియేండ్లయినది. 1946లో బ్రౌన్ క్లీవ్‌లాండు నగరమున వృత్తిజట్టును కూర్చినప్పుడు, ఒకనాడు తన పిల్లలకు ఎదురునిలిచిన ఆ మాట్లీని పిలిచి చేర్చుకొనెను. బిల్ విల్లిస్ అను మఱియొక నల్లవానిని గూడ చేర్చెను. బేస్‌బాల్ ఆటలో జాకీ రాబిన్సను పెద్దజట్టున ప్రవేశించుట దీనికి మఱుసటి యేడు. బడి మైదానమున శత్రువుగా చూచిన కన్నే వాని విలువను గుర్తుపెట్టుకొన్నది. 1976లో ఆ యాటస్థలమునకు బ్రౌన్ పేరు పెట్టిరి.

మూడవది అర్కన్సా రాష్ట్రపు ముఖ్యపట్టణమైన లిటిల్ రాక్‌లోని క్విగ్లీ ఆటస్థలము. సెంట్రల్ హైస్కూలు వెనుక 1936లో కట్టినది. ఈ నాలుగింటిలో నా మనస్సును ఎక్కువ బాధించినదియు, ఎక్కువ పట్టినదియు నిదియే.

తెల్లవారికి, నల్లవారికి వేర్వేఱు బడులుండుట న్యాయవిరుద్ధమని 1954లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1957లో తొమ్మండుగురు నల్లపిల్లలు ఈ బడిలో చేరబోగా రాష్ట్రగవర్నరు సైనికులను నిలిపి అడ్డగించెను. అధ్యక్షుడు ఐజన్‌హోవర్ కేంద్రసైన్యమును పంపి వారిని లోనికి చేర్పించెను. ఆ యేట ఆ బడి జట్టు ఒక్క ఆటయైనను ఓడలేదు. కాని ఆ తొమ్మండుగురికి ఆటపాటలలో పాల్గొను హక్కు లేదు.

1958 మే నెల 27వ తేది రాత్రి పట్టాల ప్రదానము ఆ యాటస్థలముననే జరిగినది. ఆఱువందలమంది విద్యార్థులలో నల్లవాడు ఒక్కడే, ఎర్నెస్ట్ గ్రీన్. ప్రేక్షకులలో మార్టిన్ లూథర్ కింగ్ కూర్చుండి యుండెను. ఒక్కొక్క పేరు పిలిచినప్పుడెల్ల చప్పట్లు మ్రోగెను. గ్రీన్ పేరు పిలువగా ఆ మెట్లన్నియు నిశ్శబ్దమైనవి. ఆ నిశ్శబ్దములోనే అతడు నడచిపోయి పట్టా నందుకొనెను. అన్నేండ్లుగా కేకలతో మాఱుమ్రోగిన ఆ స్థలమున జరిగినవానిలో అంతటి గెలుపు మఱియొకటి లేదని నా నమ్మకము.

ఇంతటితో కథ ముగియలేదు. ఆ సెప్టెంబరులో, పిల్లలను కలిపి కూర్చుండబెట్టుటకంటె బడి మూయుటయే మేలని గవర్నరు ఆ పట్టణపు ఉన్నత పాఠశాలల నన్నిటిని మూయించెను. మూడువేల ఆఱువందలమందికి పైగా పిల్లలకు ఏడాదిపాటు తమ బడి తలుపులు మూతపడినవి. కాని ఫుట్‌బాల్ మాత్రము ఆగలేదు. తరగతులకు తాళము, ఆటస్థలమునకు దీపములు! 1959 ఆగస్టులో గాని ఆ తాళములు ఊడలేదు. బడికొఱకు ఆటస్థలమా, ఆటస్థలము కొఱకు బడియా యను ప్రశ్నను చరిత్ర ఇంత సూటిగా అడిగిన చోటు మఱియొకటి నే నెఱుగను.

నాలుగవది నేను చూచినది. అది డల్లాసు నగరమునకు ఉత్తరమున అల్లెన్ అను పురము. అచ్చటి పౌరులు 2009లో ఓటువేసి అప్పుపత్రముల నంగీకరింపగా, ఆఱు కోట్ల డాలర్ల వ్యయముతో 18,000 మంది కూర్చుండు ఆటస్థలము 2012లో తెఱచిరి. రెండేండ్లు గడవకమునుపే, 2014లో, కాంక్రీటు బీటలువాఱుటచే మూసివేసిరి. మరమ్మతు చేసి 2015లో మరల తెఱచిరి. అంత ధనము ఒక యాటకు వలయునా యని దేశమంతట చర్చ జరిగినది.

ఆ ప్రాంతమున మన తెలుగుకుటుంబములు వేలకొలది గలవు. నా మనుమడు ఆ బడి వాద్యబృందమున డోలు వాయించును. ఆ బృందమున పిల్లలు ఆఱువందలకు మించి యుందురు. శుక్రవారము సాయంకాలము నన్ను గూడ తీసికొనిపోయిరి. ఆట నాకు సగమే తెలిసినది. కాని విరామ సమయమున వందలాది పిల్లలు ఒక్క అడుగుగా నేలమీదికి రాగా, వారి నడుమ మా వానిని వెదకుచు నేను నిలుచుండిపోయితిని. నా ప్రక్కనున్న పరదేశపు ముసలియామె తన మనుమరాలిని చూపి, మీవాడెవడని సైగచేసి అడిగెను. నేనును చూపితిని. ఇద్దఱమును నవ్వుకొంటిమి. ఊరిజాతరలో తేరు వెంట నడచు పిల్లలను చూచు తాత కన్నులు ఎచ్చటనైనను ఒక్కటియే.

ఇంటికి పోవుచు ఆ వ్యయము సంగతి నా కుమారుని అడిగితిని. 'మా యింటిపన్నులో కొంతభాగము దానికే పోవుచున్నది నాన్నగారూ. కొన్నిమాఱులు కష్టముగా తోచును. కాని వీనికి ఊరు అనునది అదియే గదా' అని అతడు చెప్పెను. నేను మాఱుమాట చెప్పలేకపోతిని. జాతరగాని, రచ్చబండగాని లేని క్రొత్త పురమున, వేర్వేఱు దేశములనుండి వచ్చినవారికి వారమున కొకమాఱు ఒక్కచోట కూర్చుండుటకు అది తప్ప వేఱు చోటు నాకు కనబడలేదు.

ఈ నాలుగింటిని కలిపి చూచినచో నాకు తోచిన దిది. ఆటస్థలముయొక్క గొప్పతనము మెట్ల సంఖ్యలో లేదు. దానిని ఎవరు కట్టిరి, ఎవరిని కూర్చుండనిచ్చిరి, దాని ప్రక్కనున్న బడి తెఱచియున్నదా మూసియున్నదా - ఈ మూడు ప్రశ్నలకు వచ్చు ఉత్తరములే దాని చరిత్ర.

తిరిగివచ్చిన పిమ్మట నేను మొదట పని చేసిన పల్లెబడికి పోయితిని. మేము చెడుగుడు ఆడించిన మైదానమున ఒకవైపు ఇండ్లు, ఒకవైపు అంగళ్లు లేచినవి. నడుమ మిగిలిన చోట పిల్లలు ప్రార్థనకు నిలుచుటకే చాలదు. ఎవరిని నిందింతును? అవి లేచుచున్నప్పుడు నేనును ఆ యూరిలోనే యుంటిని, ఒక్కమాటయు అడుగనైతిని. కోట్ల డాలర్ల మెట్లు మనకు వలదు. మన పెద్దలు బడికని విడిచిన నేల యెంతయో, పాతపటము తీయించి, గొలుసువేయించి, హద్దురాళ్లు పాతించినచో చాలును. ఆ పని చేయుటకు పిల్లలకు వయస్సు చాలదు; మనకు కాలము చాలదు. కావున రేపే మొదలుపెట్టుట మంచిది.