చలిమంట పక్కన లోకాలు

మే నెల నడిరేయి దొనకొండ పాత విమానాశ్రయం రన్‌వే మీద నిలబడి దక్షిణానికి చూస్తే, సర్కారు తుమ్మల పైగా చుక్కల గుంపైన త్రిశంకుడు పడమటికి ఒరిగి కనిపిస్తాడు. ఆయనకు తూర్పున రెండు పెద్ద చుక్కలు. ఎక్కువ మెరిసేది ఆల్ఫా సెంటారీ. చేయి చాచి నేల అంచున పిడికిలి ఆనిస్తే, దానికి కాస్త పైన ఉంటుంది. ఆ చుక్కకు కొంచెం దిగువన ఇంకొకటి ఉంది, కంటికి ఆనదు. సూర్యుడి తర్వాత మనకు అందరికంటే దగ్గరి నక్షత్రం అదే, 4.24 కాంతి సంవత్సరాలు. 1915లో జొహానెస్‌బర్గ్‌లో రాబర్ట్ ఇన్నెస్ పట్టుకునేదాకా అదక్కడ ఉందనే ఎవరికీ తెలియదు. పేరు ప్రాక్సిమా.

అది ఎర్ర మరుగుజ్జు. బరువు సూర్యుడిలో ఎనిమిదో వంతు. ఉన్న ఇంధనాన్ని పొదుపుగా కాల్చుకుంటుంది కాబట్టి లక్షల కోట్ల ఏళ్లు బతుకుతుంది. అంత ఆయుష్షున్న ఇంట ఒక బిడ్డ ఉందని 2016 ఆగస్టులో తెలిసినప్పుడు ఎంత సంబరపడ్డామో! భూమి పాటి గ్రహం, నీళ్లు గడ్డకట్టకుండా, మరిగిపోకుండా నిలవగల చోటు.

ఆ చోటే దాని పాలిట శాపం. మంట చిన్నదైతే దగ్గరికి జరిగి కూర్చోవాలి. మనం సూర్యుడికి 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాం. ఆ గ్రహం తన నక్షత్రానికి 73 లక్షల కిలోమీటర్లలో ఉంది. పదకొండు రోజులకో ఏడాది. ఎర్ర మరుగుజ్జు ఎప్పుడూ నిమ్మళంగా మండదు. అడుగు నుంచి పైదాకా ఎసరులా కుతకుతలాడుతుంది. ఆ కలియబెట్టుడులో అయస్కాంత క్షేత్రాలు పురి ఎక్కి, తెగి, మళ్లీ ముడిపడతాయి. తెగినప్పుడల్లా ఒక జ్వాల.

2019 మే 1న అలాంటిదొకటి లేచింది. అతినీలలోహిత కాంతిలో ప్రాక్సిమా ఏడు సెకన్లలో 14,000 రెట్లు ప్రజ్వరిల్లింది. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు ఆ క్షణాన్ని పట్టింది. మామూలు వెలుగులో మాత్రం మార్పు నామమాత్రం. కంటికి కనిపించే దెబ్బ కాదది.

ఆ కాంతి గ్రహం పైగాలిని తాకితే నీటి అణువులు చీలుతాయి. తేలికైన హైడ్రోజన్ ముందుగా ఎగిరిపోతుంది, ఒక్కోసారి బరువైన వాయువులనూ వెంట ఈడ్చుకుపోతుంది. ఒక్క జ్వాలతో ఏ లోకమూ మాడిపోదు. కానీ ఇలాంటి జ్వాలలు వందల కోట్ల ఏళ్లుగా లేస్తున్నాయి. నక్షత్రం పడుచుగా ఉన్నప్పుడైతే మరీ ఉద్ధృతంగా. గుండె కలుక్కుమనేది ఇక్కడే: గాలి ఊరి, నీరు చేరి, ఒక లోకం కుదుటపడాల్సిన తొలినాళ్లలోనే ఆ తల్లిమంట అన్నిటికంటే ఎక్కువగా కాల్చింది.

ఆ నక్షత్రాన్ని చూసిన కన్ను ఒకటి మన తీరం నుంచే వెళ్లింది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మోసుకెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం, 2017లో హబుల్, చంద్రా అంతరిక్ష టెలిస్కోపులతో కలిసి ప్రాక్సిమా వైపు తిరిగింది. 2018లో దాని అతినీలలోహిత టెలిస్కోపులో ఒక విభాగం మూగబోయింది.

ప్రాక్సిమా గ్రహానికి గాలి మిగిలిందో లేదో ఇంకా ఎవరూ చూడలేదు. దాని జ్ఞాతుల గతి మాత్రం చూశాం. ట్రాపిస్ట్-1 అనే ఎర్ర మరుగుజ్జు చుట్టూ ఏడు గ్రహాలున్నాయని 2017లో లోకమంతా పండగ చేసుకుంది. వాటిలో అన్నిటికంటే లోపలిదాన్ని జేమ్స్ వెబ్ టెలిస్కోపు కొలిచింది. పగటి వైపు సుమారు 230 డిగ్రీలు, గాలి ఉన్న జాడ లేదని 2023లో తేలింది. అంతకు ముందే, 2019లో, 49 కాంతి సంవత్సరాల దూరంలోని ఎల్‌హెచ్‌ఎస్ 3844 బి సంగతి బయటపడింది. పదకొండు గంటలకొకసారి తన నక్షత్రాన్ని చుట్టివచ్చే రాతిగ్రహం. మా మార్కాపురం పలకలాగా నల్లగా, బోసిగా ఉంది. ఒక ముఖం ఎప్పుడూ నిప్పు వైపే, సుమారు 770 డిగ్రీలు. రెండో ముఖం ఎప్పుడూ చీకటిలోనే. ఈ వైపు వేడిని ఆ వైపుకు మోసుకెళ్లడానికి అక్కడ గాలి లేదు.