ఆకాశానికి లస్కరు

ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర గోదావరి నీళ్లు కృష్ణలో కలుస్తాయి. కింద ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువల్లోకి మళ్లాక, ఏ తూము ఎప్పుడెత్తాలో చూసుకోడానికి లస్కరు ఉంటాడు. గట్టు తెగితే ఎవరిని అడగాలో డెల్టా రైతుకు తెలుసు. ఆకాశంలో వ్యాపారం చేసేవాళ్లను ఎవరు అడగాలి?

ఈ తగవు 1962 నాటిది. ఆ జూలైలో అమెరికా కంపెనీ ఏటీ అండ్ టీ, నాసాకు డబ్బు కట్టి టెల్‌స్టార్ ఉపగ్రహాన్ని పైకి పంపించింది. అంతరిక్షం ప్రభుత్వాల పనే, కంపెనీలకు చోటు లేదని సోవియట్ యూనియన్ పట్టుబట్టింది. చివరికి 1967 అంతరిక్ష ఒప్పందం ఆరో అధికరణంలో రాజీ కుదిరింది. కంపెనీలు వెళ్లొచ్చు, కానీ వాటి దేశమే అనుమతివ్వాలి, ఆ తర్వాతా కనిపెట్టి ఉండాలి, బాధ్యత మోయాలి. ఆరు దశాబ్దాలుగా అంతరిక్ష వ్యాపార న్యాయమంతా ఈ ఒక్క అధికరణం మీదే నిలబడింది.

అంతరిక్ష వస్తువుల వల్ల జరిగే నష్టాల బాధ్యతపై 1972లో వచ్చిన ఒప్పందం ఇంకో అడుగు ముందుకేసింది. భూమి మీద నష్టం జరిగితే తప్పెవరిదో రుజువు చేయక్కర్లేదు, ప్రయోగించిన దేశం కట్టాల్సిందే. 1978లో సోవియట్ అణు ఉపగ్రహం కాస్మోస్-954 కెనడాలో కూలింది. కెనడా 60 లక్షల డాలర్లు అడిగితే 1981లో 30 లక్షలకు ఒప్పందమైంది.

మన దగ్గర 1992లో ఇస్రో వాణిజ్య సంస్థ యాంత్రిక్స్ వచ్చింది. 1999లో పీఎస్‌ఎల్‌వీ తొలిసారి విదేశీ ఉపగ్రహాలను మోసింది. ప్రైవేటు రాకెట్లకు తలుపు తెరిచింది మాత్రం 2020లోనే. 2022 నవంబరు 18న హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ తయారుచేసిన విక్రమ్-ఎస్, ప్రైవేటు ప్రయోగాలను చూసే కేంద్ర సంస్థ ఇన్‌స్పేస్ అనుమతితో శ్రీహరికోట నుంచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు ఎగిరింది. పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా పెట్టిన కంపెనీ అది. తెలుగు గడ్డ మీద తయారై, తెలుగు తీరం నుంచి లేచిన ఆ రాకెట్ నాకు ఎంతో గర్వకారణం.

అయితే ఆ అనుమతి వెనుక అంతరిక్షం కోసం చేసిన చట్టం లేదు. 2017లో ప్రజాభిప్రాయానికి పెట్టిన ముసాయిదా బిల్లు చట్టం కాలేదు. 2023లో వచ్చింది విధానం మాత్రమే. మంత్రివర్గం ఒప్పుకున్నదాన్ని మంత్రివర్గమే మార్చగలదు.

నన్ను కలవరపెట్టేది ఇంకొకటుంది. 1972 ఒప్పందం ప్రయోగించిన దేశపు సొంత పౌరులకు వర్తించదు. రాకెట్ ముక్క విదేశీ ఓడ మీద పడితే ఆ ఓడ తరఫున దాని దేశం మన ప్రభుత్వాన్ని అడుగుతుంది. పులికాట్ జాలరి పడవ మీద పడితే అతను మామూలు కోర్టు మెట్లే ఎక్కాలి, తప్పు ఎవరిదో అతనే రుజువు చేయాల్సి రావచ్చు.