మకోలా నేర్పే పాఠం

ఆఫ్రికాలో స్త్రీలకూ, యువజనులకూ వర్తకంలో సమానావకాశాలు కల్పించాలని నేడు పలువురు చెబుతున్నారు. ఈ కోరిక వెనుకనున్న చరిత్రను అభ్యుదయవాదులు విస్మరించరాదని నా అభిప్రాయం.

1979 ఆగస్టులో ఘనా రాజధాని ఆక్రాలో సైనికులు మకోలా మార్కెట్టును నేలమట్టం చేశారు. అక్కడి వర్తకుల్లో అత్యధికులు స్త్రీలు. ధరలు మండిపోవడానికి వారి దొంగనిల్వలే కారణమని, జూన్‌లో అధికారం చేజిక్కించుకున్న రాలింగ్స్ సైనిక విప్లవ మండలి నిందించింది.

మకోలాలో పెద్ద వర్తకురాళ్ళు లేకపోలేదు. కాని సెడీ విలువ క్షీణించడానికీ, కోకో ఉత్పత్తి పడిపోవడానికీ, దిగుమతి లైసెన్సులు పలుకుబడి గలవారికే దక్కడానికీ గంప ముందు కూర్చున్న స్త్రీ కారకురాలా? మార్కెట్టు కూలింది, కొరత తీరలేదు.

ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతపు సచివాలయం నేడు అదే ఆక్రాలో ఉంది. వర్తకంలో స్త్రీలకూ యువజనులకూ సంబంధించిన ఒడంబడికను 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా దేశాల సమాఖ్య ఆమోదించింది. హర్షించవలసిందే. అయితే అప్పు, గిడ్డంగి, సరిహద్దులో లంచం లేని దారి ఆ గంపదాకా, తల్లి అంగట్లో పని నేర్చుకునే పిల్లలదాకా చేరాలి. లేనినాడు, మరో కొరత వచ్చినప్పుడు నింద మళ్ళీ వారిమీదనే పడుతుంది. విప్లవం పేరిట పడే నింద అయితే దాన్ని ముందుగా ప్రశ్నించవలసినది మనమే.